పుస్తకం మూసి పియానో వాయించాలంటే: ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్, ట్రాన్స్‌క్రైబ్! రివ్యూ

నోట్స్ చూసి పియానో నేర్చుకున్నవాళ్లకు వేళ్ల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. స్కేల్స్ వచ్చు, ఆర్పెజియోలు వచ్చు, ఎడమ చెయ్యి కుడి చేతికి అడ్డం రాదు. అయినా ముందున్న పుస్తకం తీసేస్తే, రోజూ వినే పాటలో పల్లవి కూడా చేతికి రాదు. చెవి మందమై కాదు. విన్న స్వరం ఆ పాట షడ్జానికి ఏ స్థానంలో ఉందో పోల్చుకునే అలవాటు వాళ్లకు ఎవరూ చేయించలేదు, అంతే. పేజీ మీద చుక్క కనబడగానే వేలు కీ మీదకు వెళ్తుంది. ఆ స్వరం ఎలా వినబడబోతోందో ముందే ఊహించాల్సిన అవసరం మధ్యలో ఎక్కడా రాదు.

పరీక్షల్లోనూ దీన్ని తప్పించుకునే దారి ఉంది. మన దగ్గర చాలామంది పిల్లలు రాసే ట్రినిటీ కాలేజ్ లండన్ పియానో గ్రేడ్ పరీక్షల్లో ఇనిషియల్ నుంచి గ్రేడ్ 5 దాకా సైట్ రీడింగ్, ఆరల్ (చెవి పరీక్ష), ఇంప్రొవైజేషన్, మ్యూజికల్ నాలెడ్జ్ అనే నాలుగింట్లో ఏవైనా రెండు ఎంచుకోవచ్చు. ఒక్కోదానికి 10 మార్కులు. మూడు పీసులకే 66 మార్కులు ఉంటాయి. అంటే సైట్ రీడింగ్, మ్యూజికల్ నాలెడ్జ్ ఎంచుకున్న పిల్లవాడు చెవి పరీక్ష ఒక్కసారీ రాయకుండా గ్రేడ్ 5 మంచి మార్కులతో దాటగలడు. ఆ పిల్లవాడికీ, చిన్నప్పుడు అలా నేర్చుకుని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్లకూ ఏ సాధనం నిజంగా పనికొస్తుందో చెప్పడానికే ఈ రివ్యూ.

కొలమానం ఒక్కటే పెట్టుకున్నాం: సాధనం చెవి చేత పని చేయిస్తోందా, లేక జవాబు చేతిలో పెడుతోందా? జవాబు చేతిలో పెట్టేది ఎంత బాగున్నా నోట్స్‌కి అలవాటుపడ్డ మనిషికి ఇంకో కాగితమే అవుతుంది. ఈ లెక్కన నిలిచినవి రెండు: ఫోన్‌లో ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్, కంప్యూటర్‌లో ట్రాన్స్‌క్రైబ్!.

ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్

చెవి శిక్షణ యాప్‌లలో చాలావరకు ఇంటర్వల్స్‌తో, అంటే రెండు స్వరాల మధ్య దూరాలతో, మొదలుపెడతాయి. రెండు స్వరాలు వినిపించి మేజర్ థర్డా, పర్‌ఫెక్ట్ ఫోర్తా అని అడుగుతాయి. పాట విని వాయించాలనుకునేవాడికి దీంతో ఒరిగేది తక్కువ. స నుంచి గ, ప నుంచి ని, రెండూ మేజర్ థర్డే. కానీ పాటలో ఆ రెండింటి రుచి పూర్తిగా వేరు: మొదటిది కుదురుగా నిలబడుతుంది, రెండోది పై షడ్జం కోసం తహతహలాడుతుంది. చెవి పట్టుకునేది ఆ తేడానే గాని దూరం కొలతను కాదు.

ఈ యాప్ ఆ తేడా మీదే నడుస్తుంది. ఆలన్ బెన్‌బాసాట్ పద్ధతి ఆధారంగా చేసింది. ముందు ఒక కార్డ్స్ (కలిపి మోగే స్వరాల గుత్తులు) వరుస వినిపిస్తుంది: ఒకటి, నాలుగు, ఐదు, మళ్లీ ఒకటి. సి స్కేల్‌లో అయితే సి, ఎఫ్, జి, సి. దాంతో షడ్జం ఎక్కడుందో చెవిలో కూర్చుంటుంది. తర్వాత ఒకే ఒక స్వరం వినిపించి, అది స్కేల్‌లో ఎన్నోదో చెప్పమంటుంది. జవాబు చెప్పాక ఆ స్వరాన్ని మెట్టుమెట్టుగా షడ్జం దాకా నడిపించి వినిపిస్తుంది. రి, గ, మ కిందకి దిగి స చేరతాయి. ప, ద, ని పైకెక్కి పై స చేరతాయి. ఈ పద్ధతిలో అసలు బలం ఈ చివరి నడకలో ఉంది. స్వరం ఎటు లాగుతోందో చెవి నేర్చుకునేది అక్కడే. తొందరపడి తర్వాతి ప్రశ్నకు దూకేవాళ్లు యాప్ వాడుతున్నట్టే ఉంటుంది గాని నేర్చుకునేది ఉండదు.

మొదటి నాలుగు స్వరాలతో మొదలుపెట్టి, తర్వాత పై సగం, ఆ తర్వాత ఏడూ కలిపి వెళ్లడం మంచి క్రమం. పదింట తొమ్మిది సరిగ్గా వచ్చేదాకా మెట్టు మారొద్దు. ఒక్కసారిగా గంట కూర్చోవడం కంటే రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే పావుగంట దాటాక చెవి అలసిపోయి ఊహలు మొదలవుతాయి.

తప్పులు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే మంచిది. ప విని స అనుకోవడం మామూలు. రెండూ స్థిరంగా ఉండే స్వరాలే కాబట్టి. గ, ని ఒకదానికొకటి తారుమారవుతాయి, రెండింటికీ పై స్వరం అరమెట్టు దూరంలోనే ఉంటుంది గనక. అన్నింటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది. స్వరం వినగానే మనసులో స, రి, గ, మ అని మెట్లెక్కి లెక్కపెట్టడం. జవాబు సరిగ్గానే వస్తుంది, స్కోరు 100 చూపిస్తుంది, పాట దగ్గరకు వచ్చేసరికి మాత్రం పని జరగదు. పాట ఆగి మనం లెక్కపెట్టేదాకా ఎదురుచూడదు. రెండు సెకన్లలో జవాబు రాకపోతే ఆ స్వరం ఇంకా రాలేదనే లెక్క వేసుకోవాలి.

కీ సెట్టింగ్ (ఏ స్వరాన్ని షడ్జంగా పెట్టాలన్నది) విషయంలో జాగ్రత్త. ఎప్పుడూ సి మీదే పెట్టుకుంటే, నోట్స్ చదివిన మనిషి గ బదులు ఇ అనే కీని గుర్తుపెట్టుకోవడం మొదలుపెడతాడు. నాలుగు స్వరాల మెట్టు దాటగానే కీని ప్రతి ప్రశ్నకూ మారేలా పెట్టాలి. అప్పుడు స్కోరు పడిపోతుంది. పడాలి కూడా, ఎందుకంటే అసలు పని మొదలయ్యేది అప్పుడే.

కర్ణాటక సంగీతం కొంతైనా నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ ఒక లాభం, ఒక ఉచ్చు ఉన్నాయి. మేజర్ స్కేల్ అంటే 29వ మేళకర్త ధీరశంకరాభరణం. నేచురల్ మైనర్ అంటే 20వది నటభైరవి. యాప్‌లో 1 నుంచి 7 దాకా అంకెలకు షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి దైవతం, కాకలి నిషాదం అని పెట్టుకుంటే సరిపోతుంది. ఉచ్చు ఏమిటంటే, సరళీ వరుసలు మాయామాళవగౌళలో నేర్చుకున్నవాళ్ల మనసులో రి అంటే శుద్ధ రిషభం, ద అంటే శుద్ధ దైవతం. సి షడ్జం అనుకుంటే అవి డి ఫ్లాట్, ఎ ఫ్లాట్. మేజర్ స్కేల్‌లోవి డి, ఎ. అందుకే గ, మ, ప, ని చకచకా పట్టేసి రి, ద దగ్గర మాత్రం పదేపదే తడబడతారు. తప్పు చెవిది కాదు, పాత పాఠానిది. యాప్ తెరిచే ముందు శంకరాభరణం ఆరోహణ అవరోహణలు నెమ్మదిగా నాలుగైదు సార్లు పాడుకుంటే ఇది సర్దుకుంటుంది.

యాప్ లోపాలు స్పష్టమైనవే. స్వరాలు ఒక్కొక్కటిగా వస్తాయి. ప్రాథమిక అభ్యాసాల్లో లయ లేదు, కార్డ్ గుర్తుపట్టే పని లేదు. శబ్దం పొడిగా, గమకం లేకుండా ఉంటుంది. పైగా షడ్జం యాపే చెప్పేస్తుంది. నిజమైన పాటలో అది చెప్పేవాళ్లు ఉండరు. అందుకని ఏడు స్వరాలూ ధైర్యంగా వచ్చాక, క్రొమాటిక్ మెట్లు (స్కేల్ బయటి స్వరాలూ కలిసేవి) పూర్తిచేయాలని కూర్చోకుండా పాటల్లోకి దిగడం మేలు. మిగిలినవి పాటలే నేర్పుతాయి.

మధ్యలో వేయాల్సిన వంతెన

యాప్ నుంచి సినిమా పాటకు ఒక్క దూకులో వెళ్తే చాలామంది బోర్లా పడతారు. మధ్యలో రెండు పనులు చేయాలి, రెండింటికీ పైసా ఖర్చు లేదు.

మొదటిది: బాగా బట్టీ వచ్చిన గ్రేడ్ 1 స్థాయి పీసు ఒకటి తీసుకుని, పుస్తకం మూసి, కుడిచేతి వరుస మాత్రం వేరే కీలో వాయించడం. సి మేజర్‌లో ఉన్నది ఎఫ్ మేజర్‌లో. వేళ్లకు తెలిసిన దారి మూసుకుపోతుంది కాబట్టి చెవి దారి చూపక తప్పదు. ఎఫ్ మేజర్‌లో బి ఫ్లాట్ దగ్గర చెయ్యి తప్పకుండా తెల్ల కీ మీద పడుతుంది. ఆ తప్పు వినబడి, ఎవరూ చెప్పకుండానే దిద్దుకోగలిగితే చెవి పనిలోకి దిగినట్టే.

రెండోది: వందలసార్లు పాడిన రాగాన్ని పట్టుకోవడం. జనగణమన దీనికి చక్కగా సరిపోతుంది. 1919లో మదనపల్లె కాలేజీలో ఉన్నప్పుడు టాగూర్ పాడగా విని మార్గరెట్ కజిన్స్ స్వరలిపి సిద్ధం చేసింది ఈ పాటకే. మొదటి రెండు పాదాల్లో కింది ని నుంచి మ దాకా ఐదు స్వరాలే వస్తాయి. జన గణ మన దగ్గర స రి ఎక్కి గ మీద నిలబడి, అధినాయక అంతా గ మీదే సాగి, జయహే దగ్గర రి గ మ అంటూ మ మీద ఆగుతుంది. భారత భాగ్యవిధాతా అన్నప్పుడు గ నుంచి రికి దిగి, కింది ని తాకి, రి మీదుగా స చేరుతుంది. ముందు నోటితో పాడండి, తర్వాత స ఎక్కడుందో కీబోర్డ్ మీద వెతకండి, ఆ తర్వాతే వాయించండి. పాడకుండా నేరుగా కీల మీద తడుముకోవడం నోట్స్ వాళ్లకు సహజంగా వచ్చే పని. దాంతో వేళ్లు ఊహిస్తాయి గాని చెవి వినదు.

ఎడమచేతికి మూడు కార్డ్స్ చాలు. సి షడ్జంగా పెట్టుకుంటే గ మీద నిలబడ్డంతసేపూ సి మేజర్. హే దగ్గర మ వస్తుంది కాబట్టి ఎఫ్ మేజర్. భాగ్యవిధాతాలో రి, ని రెండూ జి మేజర్‌లో ఉన్నవే కాబట్టి అక్కడ జి, చివరి సకి సి. ఇదే డిలో చేస్తే డి, జి, ఎ. ఇ ఫ్లాట్‌లో చేస్తే ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. మనసులో అక్షరాల బదులు 1, 4, 5 అని తిరిగితే కీ మారినా ఇబ్బంది ఉండదు.

ట్రాన్స్‌క్రైబ్!

సెవెన్త్ స్ట్రింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. పేరు చూసి పాట ఇస్తే నోట్స్ రాసిస్తుందనుకోవద్దు. అది చేయదు, చేయననే చెబుతుంది. పాటను తరంగాల బొమ్మగా పరిచి, కావలసిన ముక్క పట్టుకుని, నెమ్మది చేసి, తిప్పితిప్పి వినడానికి వీలిస్తుంది. వినాల్సింది మనమే. ఈ రివ్యూలో దీనికి ఎక్కువ మార్కులు పడటానికి కారణం అదే.

పని ఇలా సాగాలి. ఎంపీ3 గాని, మరో ఆడియో ఫైల్ గాని తెరవండి. యూట్యూబ్ లింకు ఇస్తే తీసుకోదు, కంప్యూటర్‌లో ఫైల్ ఉండాలి. మొదటిసారి పాట మామూలు వేగంలో వింటూ పల్లవి, బీజీఎం బిట్, చరణం మొదలయ్యేచోట ఎస్ నొక్కండి. అక్కడ సెక్షన్ గుర్తు పడుతుంది. రెండోసారి వింటూ ప్రతి ఆవర్తం మొదటి దెబ్బ మీద ఎం నొక్కితే బార్ గుర్తులు పడతాయి. విడిగా బీట్స్‌కి బి ఉంది గాని చాలా పాటలకు దాని అవసరం రాదు. ఈ పది నిమిషాల పని చాలామంది మానేస్తారు. బార్ గుర్తులు ఉంటే ఏ కార్డ్ ఎక్కడ మారుతోందో కంటికి ఆనుతుంది. లేకపోతే ప్రతి స్వరానికీ ఒక కార్డ్ పెట్టాలన్న యావ మొదలవుతుంది, నోట్స్ వాళ్లలో మరీ ఎక్కువ. మామూలు పాటలో కార్డ్ బార్‌కి ఒకసారి, మహా అయితే రెండుసార్లు మారుతుంది.

తర్వాత షడ్జం. పల్లవి మళ్లీ మళ్లీ వచ్చి ఎక్కడ కుదురుకుంటోందో అక్కడ పాట ఆపండి. ఇక పాట ఇక్కడితో అయిపోవచ్చు అనిపించే స్వరాన్ని కూని రాగంగా తీసి, దాన్ని కీబోర్డ్ మీద పట్టుకోండి. ఎ మైనర్ పాటను సి మేజర్ అనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, రెండింటికీ తెల్ల కీలే కాబట్టి. స్వరాలు సరిపోయాయి కదా అని నమ్మొద్దు. పల్లవి ఎక్కడ ఆగుతోందో అదే తీర్పు. మైనర్ పాటలో ఒక్కోచోట జి వాయిస్తే కసిక్కున గుచ్చుకుంటుంది. అక్కడ జి షార్ప్ వేసి చూడండి. ఎ మైనర్‌కి ముందు వచ్చే ఇ మేజర్ కార్డ్‌లో ఉండేది అదే. కీరవాణి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇక బేస్. కార్డ్ కనుక్కోవడానికి దగ్గరి దారి కుడిచేతి రాగం కాదు, అడుగున నడిచే బేస్ స్వరం. ఫోన్ స్పీకర్‌లో అది వినబడదు. బేస్ గిటార్ అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్, అంత చిన్న స్పీకర్ ఆ లోతు పలికించలేదు. చెవి నిండా మూసే వైర్ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బ్లూటూత్ వద్దు, కీబోర్డ్‌తో కలిపి వాయించేటప్పుడు పాట ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. అప్పటికీ బేస్ మసకగా ఉంటే ట్రాన్స్‌క్రైబ్!లో పిచ్‌ని 12 సెమీటోన్లు (అరమెట్లు) పెంచి వినండి. ఒక ఆక్టేవ్ పైకి రాగానే గుడుగుడు శబ్దంలా ఉన్నది స్వరంలా తేలుతుంది. గాయకుడి గొంతు చిన్నపిల్లల గొంతులా మారుతుంది, పట్టించుకోనక్కర్లేదు.

బేస్ స్వరం దొరికాక కార్డ్‌కి ఒక్క పరీక్ష చాలు. సి మేజర్ పాటలో బేస్ ఇ అనుకోండి. అది ఇ మైనర్ కావచ్చు, లేదా ఇ బేస్ మీద సి మేజర్ కావచ్చు. మొదటిదానిలో ఇ, జి, బి; రెండోదానిలో ఇ, జి, సి. తేడా ఒక్క స్వరమే. ఆ బార్ తిప్పుతూ ఒకసారి బి పట్టుకుని చూడండి, మరోసారి సి. ఏది పాటలో కరిగిపోతే అదే జవాబు. బేస్ ఎ అయితే ఇ, ఎఫ్‌ల మధ్య పరీక్ష: ఎ మైనరా, ఎ మీద ఎఫ్ మేజరా. బేస్ ఎఫ్ అయితే సి, డిల మధ్య. బేస్ బి అయితే ఎక్కువసార్లు అది బి మీద జి మేజర్. బి డిమినిష్డ్ అనుకునే ముందు జి వేసి చూడండి. నోట్స్ వాళ్లకు ఇన్వర్షన్లు (మూలస్వరం కాక వేరే స్వరం బేస్‌లో ఉండే కార్డ్స్) థియరీ పుస్తకంలో ఎప్పుడో వచ్చి ఉంటాయి. అవి చెవికి ఎక్కేది ఇక్కడే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో అందరినీ ఆకర్షించేదీ, అందరినీ తప్పుదారి పట్టించేదీ: కింద కీబోర్డ్ బొమ్మ, దాని పైన ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే శిఖరాలు. తరంగంలో చిన్న ముక్క ఎంచుకుంటే అక్కడున్న శబ్దమంతా కీల మీద కొండల్లా లేస్తుంది. ఎత్తుగా ఉన్న ప్రతి కొండా వాయించిన స్వరం కాదు. బేస్ ఒక్కటే సి వాయించిందనుకోండి, 65 హెర్ట్జ్. దాని హార్మోనిక్స్ (ఆ స్వరంతోపాటే సన్నగా మోగే పై స్వరాలు) 131 దగ్గర సి, 196 దగ్గర జి, 262 దగ్గర మళ్లీ సి, 327 దగ్గర ఇ పక్కన పడతాయి. వాయించింది ఒకే స్వరం, తెర మీద మాత్రం సి మేజర్ కార్డ్ మొత్తం నిలబడి ఉంటుంది. అసలు పాటలో ఉన్నది సి మైనర్ అయితే? ఇ ఫ్లాట్ కొండ పక్కనే ఇ కొండ కూడా కనబడుతుంది. తెరను నమ్మినవాడు మేజర్ వాయిస్తాడు, పాట వెలితిగా ఉంటుంది, ఎందుకో అర్థం కాదు. కాబట్టి ముందు విని ఒక జవాబు అనుకుని, ఆ తర్వాతే తెర చూడాలి. సాఫ్ట్‌వేర్ చేసే కార్డ్ ఊహలకూ ఇదే నియమం.

వేగం గురించి. 70 శాతం దగ్గర గొంతు, వాద్యాలు ఇంకా సహజంగా ఉంటాయి; చాలా పనులకు అది చాలు. సగం దాకా ఫరవాలేదు. అంతకంటే తగ్గిస్తే శబ్దం నీళ్లలోంచి వస్తున్నట్టు పాకిపోతుంది, డ్రమ్ దెబ్బలు రెండుగా చీలతాయి. మన పాటలకు ఇంకో సమస్య ఉంది: గమకం. సగం వేగంలో ఒక్క గమకం మూడు నాలుగు విడి స్వరాలుగా విప్పుకుంటుంది. అవన్నీ పియానో మీద వరుసగా వేస్తే పాట వికారంగా తయారవుతుంది, ఎందుకంటే గొంతు జారినచోట కీలు మెట్లెక్కుతాయి. గమకం ఏ స్వరం మీద వాలుతోందో అది తీసుకోండి. మరీ ముఖ్యమైన చోట పక్క స్వరాన్ని ఒక్క గ్రేస్ నోట్‌గా తాకితే చాలు. తీసుకోవాల్సింది ఏది, వదలాల్సింది ఏది అని తేల్చుకోవడమే మన పాటను పియానో మీదకు తేవడంలో సగం విద్య.

కరావోకే అనే సదుపాయం గొంతును తీసేస్తుందని వాడతారు. అది ఎడమ కుడి ఛానెళ్లలో సమానంగా ఉన్నదాన్ని కొట్టేస్తుంది. గొంతు మధ్యలో ఉంటుంది కాబట్టి పోతుంది. బేస్ కూడా సాధారణంగా మధ్యలోనే ఉంటుంది కాబట్టి దాంతోపాటే పోతుంది. కార్డ్స్ వెతికేటప్పుడు దీన్ని ఆఫ్‌లో ఉంచాలి. మోనోలో రికార్డైన పాత పాటలకు ఇది పెడితే దాదాపు ఏమీ మిగలదు.

ఆ పాత పాటలతోనే ఇంకో చిక్కు: టేపు వేగం తేడాల వల్ల షడ్జం రెండు కీల మధ్యలో పడుతుంది. సి వేస్తే తక్కువ, సి షార్ప్ వేస్తే ఎక్కువ. చెవి సరిగా లేదేమోనని దిగులుపడక్కర్లేదు. ట్రాన్స్‌క్రైబ్!లో సెంట్ల లెక్కన శ్రుతి సర్దే సెట్టింగ్ ఉంది, 100 సెంట్లు ఒక సెమీటోన్. పల్లవి చివరి స్వరాన్ని తిప్పుతూ, కీబోర్డ్ మీద దగ్గరి కీ నొక్కి పట్టి, రెండూ కొట్టుకోకుండా కలిసేదాకా జరపండి. పని మొదలుపెట్టే ముందే ఇది చేయాలి, మధ్యలో కాదు.

దొరికినదాన్ని చేతుల్లో పెట్టేటప్పుడు ఎడమచేతిలో మూలస్వరం, పంచమం, పై ఆక్టేవ్ అన్న వరుస సరిపోతుంది: సి, జి, సి. మిడిల్ సికి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి కంటే దిగువన గాంధారం కలిపి కార్డ్ నొక్కితే మొత్తం బురదగా వినబడుతుంది. గాంధారాన్ని కుడిచేతికి వదిలేయండి.

మిగిలినవి

కార్డిఫై పాటతోపాటు కార్డ్స్ చూపిస్తుంది. వేగంగా అందరితో కలిసి వాయించాల్సి వస్తే మంచిదే. చెవి నేర్చుకునేవాళ్లు మాత్రం తమ జవాబు అయిపోయాక సరిచూసుకోవడానికే తెరవాలి. మోయిసెస్ గొంతు, డ్రమ్స్, బేస్ విడదీసి ఇస్తుంది. బేస్ విడిగా వినడానికి ఇది నిజంగా ఉపయోగం, కరావోకే సదుపాయం చేయలేనిది ఇది చేస్తుంది. విడదీసిన గొంతులో వెనక వీణ, వయొలిన్ ముక్కలు అంటుకుని రావచ్చు, అందుకని రాగం కోసం అసలు పాటే వినండి. డబ్బు పెట్టకూడదనుకుంటే ఆడాసిటీలో టెంపో తగ్గించి, ముక్క ఎంచుకుని తిప్పుకోవచ్చు. బార్ గుర్తులు పెట్టుకోవడం ట్రాన్స్‌క్రైబ్!లో ఉన్నంత తేలిక కాదు. యూట్యూబ్‌లో 0.75 వేగం సరళమైన పల్లవికి చాలు.

వాద్యం సంగతికి వస్తే, దీనికోసం కొత్తది కొనాల్సిన పని లేదు. ఉన్న పియానో గాని 61 కీల కీబోర్డ్ గాని చాలు. ఆటో అకంపనిమెంట్ (కీబోర్డే తోడు వాయించే సదుపాయం) ఆపేయండి, అది ఎడమచేతి పనిని మింగేస్తుంది. యమహా, కాసియో పోర్టబుల్ కీబోర్డులు చాలావాటికి ఆక్స్ ఇన్ (బయటి ఆడియోను కలిపే రంధ్రం) ఉంటుంది. కంప్యూటర్‌ని దానికి కలిపి, హెడ్‌ఫోన్ కీబోర్డ్‌కి పెడితే పాటా, వాయించేదీ ఒకేచోట వినబడతాయి.

ట్రాన్స్‌పోజ్ బటన్ (వాయించేది అదే ఉంచి శ్రుతి మార్చేది) విషయంలో మాత్రం పట్టుదల కావాలి. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు దాన్ని వాడతారు. గాయకుడి శ్రుతికి అప్పటికప్పుడు మారాలి కాబట్టి అది వాళ్ల అవసరం, అందులో తప్పేమీ లేదు. నేర్చుకునేవాళ్లు ప్రతి పాటనూ సిలోకి తెచ్చుకుని బటన్‌తో మారిస్తే, పన్నెండింట్లో ఒక్క కీ మాత్రమే చేతికి వస్తుంది. ఒకే పల్లవిని సి, జి, డి, ఎఫ్, బి ఫ్లాట్‌లలో వాయించండి. గాయకులతో వాయించే ఉద్దేశం ఉంటే శ్రుతి లెక్క కూడా నోటికి రావాలి: 1 అంటే సి, 2 డి, 3 ఇ, 4 ఎఫ్, 5 జి, 6 ఎ, 7 బి, రెండున్నర అంటే డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదున్నర జి షార్ప్. మూడున్నర ఉండదు, ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల కీ లేదు కాబట్టి.

ఎవరికి ఏది

గ్రేడ్ 2, 3 పిల్లలకు ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్, జనగణమన, బట్టీ వచ్చిన పీసు వేరే కీలో. ఈ మూడే చాలు. ట్రాన్స్‌క్రైబ్! ఆ వయసుకు విసుగు. గ్రేడ్ 5 దాటినవాళ్లకు, పెద్దవాళ్లకు రెండూ కావాలి, అదీ ఈ వరుసలోనే. కర్ణాటక గాత్రం వచ్చి, పియానో కొత్తగా పట్టుకున్నవాళ్లు యాప్‌లో ఎక్కువ రోజులు ఉండనక్కర్లేదు. షడ్జం పట్టడం వాళ్లకు వచ్చిన విద్యే. వాళ్లకు లోటు కార్డ్స్, బేస్ దగ్గర ఉంటుంది కాబట్టి నేరుగా ట్రాన్స్‌క్రైబ్!కి వెళ్లొచ్చు.

యాప్‌ని డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. ట్రాన్స్‌క్రైబ్!కి 30 రోజుల ఉచిత ట్రయల్ ఉంది, ఆ తర్వాత ఒక్కసారి లైసెన్స్ కొంటే సరిపోతుంది, నెలనెలా కట్టే పని లేదు. విదేశీ చెల్లింపు కాబట్టి బ్యాంకు కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉంచుకోవాలి. రెండింటినీ ఒకేరోజు ఇన్‌స్టాల్ చేయకండి. యాప్‌లో మారే కీలతో ఏడు స్వరాలూ వచ్చేదాకా ఆగి, మీకు బాగా వచ్చిన మూడు పాటల ఫైళ్లు సిద్ధం చేసుకుని, అప్పుడు ట్రయల్ మొదలుపెట్టండి. మొదటి పాటగా నిదానంగా నడిచేది, ఒకే గొంతు, తక్కువ వాద్యాలు ఉన్నది తీసుకోండి. గాయకుల బృందం, వేగమైన డ్రమ్స్ ఉన్న పాట మూడోది కావాలి.